క్లెమెంటీ సొనాటినాలు అయిపోయాక ఆయన రచనల్లో ఏవి వాయించాలి?

ప్రశ్న

ఇటలీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన పియానో సంగీతకర్త ముజియో క్లెమెంటీ ఓపస్ (రచన సంఖ్య) 36లోని ఆరు సొనాటినాలను (పలు భాగాలుగా సాగే ‘సొనాట’ అనే వాద్య రచనకు చిన్న రూపాలను) నేర్చుకోవడం ఈమధ్యే పూర్తి చేశాను. పియానో నేర్చుకునేవారిలో వీటిని తాకనివారు అరుదు కాబట్టి, ఆయన పేరు చెప్పగానే చాలామందికి సి మేజర్‌లోని మొదటి సొనాటినాయే గుర్తుకొస్తుంది. మిగతా రచనల గురించి చదవబోతే ఎక్కడ చూసినా వియన్నాలో మోట్సార్ట్‌తో జరిగిన పియానో పోటీ, ఆ తర్వాత మోట్సార్ట్ ఆయనను ఉత్త యంత్రమని తీసిపారేయడం, ఈ రెండు సంగతులే కనిపిస్తున్నాయి. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనది? ఆయన సొనాటల్లో దేనితో మొదలుపెట్టడం మంచిది?

మొదటి సమాధానం

ఆ పోటీ 1781 డిసెంబర్ 24న రెండవ జోసెఫ్ చక్రవర్తి సమక్షంలో జరిగింది. 1782 జనవరిలో తండ్రికి రాసిన ఉత్తరంలో మోట్సార్ట్, క్లెమెంటీ కుడిచేతి నైపుణ్యాన్ని, ముఖ్యంగా థర్డ్స్ (మూడో మెట్టు దూరంలోని రెండేసి స్వరాలను ఒకేసారి మోగించే) వరుసలను వాయించే తీరును ఒప్పుకుంటూనే, అతనిలో అభిరుచి గానీ అనుభూతి గానీ కాణీ ఎత్తు కూడా లేవని తేల్చేశాడు. ఆ మాటలో నిజమేమీ లేదని నేను అనను. ఎందుకంటే క్లెమెంటీ స్వయంగా, చాలా ఏళ్ల తర్వాత తన శిష్యుడు లుడ్విగ్ బెర్గర్‌తో మాట్లాడుతూ, ఆ రోజుల్లో తనకు మెరుపు వేగం మీద, జంట స్వరాల మీద మోజు ఎక్కువగా ఉండేదని, గొప్ప గాయకులను శ్రద్ధగా విన్న తర్వాత, ఇంగ్లీషు పియానోలు క్రమంగా మెరుగుపడిన తర్వాత మాత్రమే పాట పాడినట్టు వాయించే శైలి తనకు అబ్బిందని చెప్పుకున్నాడు. పైగా, అంత మనోహరంగా వాయించినవారిని అప్పటివరకు తాను విననే లేదని మోట్సార్ట్‌ను మెచ్చుకున్నాడు కూడా. పోటీనాటికి ఆయనకు 29 ఏళ్లు. ఆ తర్వాత మరో యాభై ఏళ్లు జీవించి, 1832లో మరణించి, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి అయిన సంగీతకారుణ్ణి ఆ ఒక్క రోజుతో కొలవడమే అన్యాయమని నా అభిప్రాయం.

ఆయన మాటల్లో పియానోల ప్రస్తావన ఊరికే వచ్చింది కాదు. ఆనాటి వియన్నా పియానోల కీలు తేలికగా కదిలేవి, వేలు తీయగానే ధ్వని తెగిపోయేది. ఇంగ్లీషు పియానోల కీలు బరువుగా ఉండి లోతుకు దిగేవి, ధ్వని కూడా వెంటనే ఆగిపోకుండా కాసేపు నిలిచేది. ఇలాంటి వాద్యం మీద నెమ్మదైన రాగాన్ని సాగదీయవచ్చు, నిండైన కార్డ్‌లను (ఒకేసారి మోగే స్వరాల గుత్తులను) మోగనివ్వవచ్చు, కానీ చిన్న చిన్న పలుకులు వియన్నా వాద్యం మీద వినిపించినంత స్పష్టంగా విడివిడిగా వినిపించవు. క్లెమెంటీ ఈ తేడాను వాయించేవాడిగా మాత్రమే కాక తయారుచేసేవాడిగా కూడా ఎరుగును. లండన్‌లోని లాంగ్‌మన్ అండ్ బ్రోడరిప్ సంస్థ దివాలా తీసిన తర్వాత, 1798లో ఆయన భాగస్వాములతో కలిసి ఆ వ్యాపారాన్ని అందుకొని, ఒకవైపు పియానోలు తయారుచేయిస్తూ, మరోవైపు సంగీత ప్రచురణ సాగించాడు. 1807లో బేథోవెన్‌తో నేరుగా ప్రచురణ ఒప్పందం కుదుర్చుకున్నది కూడా ఈయనే.

మరొక్క విషయం. ఆ పోటీలో ఆయన వాయించిన బి ఫ్లాట్ మేజర్ సొనాట మొదటి ఇతివృత్తానికి (ప్రధాన స్వరవరుసకు), 1791లో మోట్సార్ట్ రాసిన ‘ద మ్యాజిక్ ఫ్లూట్’ ఒపెరా ఓవర్చర్ (ఆరంభ సంగీతం)లోని ఇతివృత్తానికి పోలిక వినగానే తెలుస్తుంది. ఆ సొనాట తర్వాత అచ్చయినప్పుడు, అది 1781లో మోట్సార్ట్ ఎదుట వాయించినదేనన్న సంగతిని క్లెమెంటీ అందులో వేయించాడు.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. క్లెమెంటీ సొనాటలన్నీ ఒకే స్థాయివి కావు. 1779లో వచ్చిన ఓపస్ 2 వంటి తొలినాటి రచనల్లో ఆక్టేవ్‌ల (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయుల్లో జతగా మోగించే వరుసల) పరుగు ఆకట్టుకున్నా, దాని వెనుక చెప్పదలచినది తక్కువ. వరుసక్రమంలో అన్నింటినీ వాయించాలని కూర్చుంటే నిరుత్సాహమే మిగులుతుంది. మైనర్ స్వరస్థాయిల్లోని సొనాటలను ముందు వెతకండి, ఆయన శ్రేష్ఠమైన రచనల్లో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతుంది.

మూడవ సమాధానం

నా సలహా ఓపస్ 25లోని ఐదవ సొనాట. ఇది ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంది, 1790లో వెలువడింది. ముందుగా రెండవ భాగాన్ని, అంటే బి మైనర్‌లో ‘లెంటో ఎ పతేతికో’ అని గుర్తించిన భాగాన్ని తీసుకోండి. అందులో స్వరాలు తక్కువే, కానీ ప్రతి స్వరం పక్క స్వరంలోకి జారే వరకు మోగుతూ ఉండాలి, లేకపోతే రాగం ముక్కలవుతుంది. మీరు ఓపస్ 36 మొదటి సొనాటినాలోని ఆందాంతేలో (నెమ్మదైన భాగంలో) ఎడమచేతి మూడేసి స్వరాలను అణచి, పైన రాగాన్ని నిలబెట్టడం నేర్చుకున్నారు కదా, ఇక్కడ కావలసినది ఆ నైపుణ్యమే, కాకపోతే దానికి ఎన్నో రెట్లు ఓపిక కావాలి. చివరి ప్రెస్టోను (అతివేగంగా సాగే భాగాన్ని) తొందరపడి మొదలుపెట్టకండి. అందులో కుడిచేతికి థర్డ్స్ వరుసలు వస్తాయి. వేళ్ల క్రమం ముందే స్థిరపడకపోతే చేయి బిగుసుకుపోతుంది.

ఆ తర్వాత ఓపస్ 34లోని జి మైనర్ సొనాటకు వెళ్లవచ్చు. అది నెమ్మదైన, గంభీరమైన పీఠికతో మొదలవుతుంది. వేగం అందుకున్నాక ఆ పీఠికను పక్కన పడేయకుండా, మొదటి భాగం మధ్యలో మళ్లీ తీసుకొస్తాడు. ఇక ఓపస్ 50లోని మూడవ సొనాట, 1821లో అచ్చయిన ‘దిదోనె అబ్బందొనాతా’, ప్రియుడు విడిచి వెళ్లిన దిదో రాణి విషాదాన్ని మాటల్లేకుండా పలికిస్తుంది. ‘ఆలోచిస్తూ, తర్కించుకుంటూ’, ‘నిరాశతో’ అనే అర్థం వచ్చే సూచనలను ఇటాలియన్‌లో రాసిపెట్టిన ఈ రచయితను యంత్రమని ఎవరూ అనలేరు. దీన్ని వాయించడానికి మీకు ఇంకా సమయం పడుతుంది, కానీ వినడానికి ఈరోజే మంచిది.

వేళ్ల సాధన కోసం ఆయనదే ‘గ్రాదుస్ అద్ పర్నాసుమ్’ కూడా ఉంది. 1817 నుంచి 1826 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన అందులోని వంద రచనల్లో ఫ్యూగ్‌లు, కానన్‌లు (ఒకే స్వరవరుసను ఒకదాని వెనుక ఒకటిగా పలు వరుసల్లో నడిపే రచనలు), నిజమైన కచేరీ రచనలు ఉన్నాయి. తర్వాతి తరంవారు అందులోంచి అభ్యాసాలను మాత్రమే ఏరి అచ్చువేసిన చిన్న సంపుటిని కొనకుండా, పూర్తి సంపుటాలనే సంపాదించండి.