"పెలెటె బిటె"ను తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

నైజీరియాలో నైజర్ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట బుగుమా, అబొన్నెమా, బకానా అనే ఊళ్ళున్నాయి. అక్కడి కలబారీ జనం వేడుకలకు కట్టే బట్టల మీద ఓ చిన్న వ్యాసం రాస్తూ "పెలెటె బిటె" దగ్గర ఆగిపోయాను. బిటె అంటే బట్ట. పెలెటె అంటే కోసినది. "కోసిన బట్ట" అని రాసి చూసుకుంటే మసిగుడ్డలా వినిపించింది. వాళ్ళకేమో అది పండగకీ పెద్దల చావుకీ పెట్టెలోంచి తీసే బట్ట.

ఎలా చేస్తారో చెబుతాను, మీకేదైనా తోస్తుందేమో. కొన్న గళ్ళ బట్టను ఒళ్ళో పరుచుకుని ఆడవాళ్ళు సూదిమొనతో ఒక లేత రంగు పోగును పైకి లేపుతారు. బ్లేడుతో తెంపి, లాగేస్తారు. తర్వాత దాని పక్క పోగు. ముదురు పోగుల జోలికి పోరు. పడుగులోనూ పేకలోనూ ఇలా తీసుకుంటూ పోతే బట్ట జల్లెడలా పలచబడి, నేతగాడు వేయని ముగ్గొకటి పైకి తేలుతుంది. తాబేలు వాళ్ళకు ఇష్టమైన ముగ్గు, దాన్ని ఇకాకి అంటారు. మధ్యలో తెంపకుండా పోగును ఈ అంచు నుంచి ఆ అంచుదాకా లాగేస్తే ఆ బట్టకు పేరే వేరు: ఫిమటె బిటె. రెంటినీ "కట్‌వర్క్" అని తేల్చేయడం నాకిష్టం లేదు.

జవాబు 1:
"కత్తిరింపు బట్ట" అంటే సరిపోదా?

నా జవాబు:
కత్తెర అనగానే దర్జీ గుర్తొస్తాడండీ. అదీగాక మనకు శుభకార్యానికి కత్తెర పడని బట్టే కావాలి. కొత్తబట్ట అంచుకు పసుపు రాసి మరీ కడతాం, చిన్న చిరుగు కనిపిస్తే పక్కన పెడతాం. కోతే గొప్ప అని మన చదువరికి ఒక్క మాటలో అందించడం ఎలా? నా ఇబ్బందంతా అదే.

జవాబు 2 (చీరాల నుంచి):
మాస్టారూ, ఆ గళ్ళ బట్ట ఎక్కడి నుంచి వెళ్ళేదో మీరు రాయలేదేం? మా ఇంట్లోంచే! వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. మావాళ్ళు రుమాళ్ళనే వారు. గజం చదరానికో రుమాలు చొప్పున ఎనిమిది రుమాళ్ళు కలిపి ఒక తాను. దాంతో ముఖం తుడుచుకున్నవాణ్ణి నేనైతే చూడలేదు. రుమాలు అంటే పారసీలో ముఖం తుడిచేదట, మన పల్లెల్లో తలకు చుట్టేది, సముద్రం దాటితే నడుముకు కట్టేది. మా తాతయ్య గుంట మగ్గంలో కూర్చుని నేసినవన్నీ నైజీరియాకే. అక్కడ దిగుమతులు బిగించినప్పుడు ఇక్కడ మగ్గాలు ఆగిపోయాయని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు.

పోగు తెగితే తాతయ్య వేళ్ళకు బూడిద అద్దుకుని, పురిపెట్టి అతికేవాడు. అతుకు కనిపిస్తే షావుకారు తాను వెనక్కి కొట్టేవాడు. అంత జాగ్రత్తగా అతికిన పోగుల్ని అక్కడ ఎవరో బ్లేడుతో తీసి పారేస్తున్నారని ఆయనకు తెలిసుంటే ఏమనేవాడో!

నా జవాబు:
ఇది నేనడగాల్సిన మనిషి దొరికినట్టుంది! కలబారీలు మీ రుమాలు బట్టను "ఇంజిరి" అంటారు. యానాం పక్కన, తాళ్ళరేవు మండలంలో ఇంజరం ఉంది కదా? 1708లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ బట్టల కోఠీ పెట్టింది. ఇంజిరి ఆ ఊరి పేరే అయి ఉంటుందని ఒక ఊహ. వాళ్ళ పక్కనే ఉన్న ఇగ్బోలు పెళ్ళిళ్ళలో కట్టే "జార్జి" బట్టకు చెన్నపట్నం సెయింట్ జార్జి కోట నుంచి పేరొచ్చిందంటారు. కోట పేరు బట్టకు అంటుకోగా లేనిది, ఊరి పేరు అంటుకోదా?

జవాబు 3:
ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకండి సార్. ఈ గుంపులో వారానికో సుమేరియన్ మాట తెలుగైపోతోంది. ఊహ అన్నారు కాబట్టి ఊరుకుంటున్నాను.

జవాబు 4:
ఊరి పేరు సంగతి ఏమోగానీ, బిటె మాట మీద నాకొక సందేహం. వేడుక బట్ట అంటున్నారు, ఎవరు పడితే వాళ్ళు కట్టొచ్చా?

నా జవాబు:
కట్టకూడదక్కా. అసలు విశేషం అక్కడే ఉంది. ఆడపిల్ల ఎదుగుదలలో మెట్లకు పూర్వం బట్ట పేర్లే పెట్టారు. చిన్నప్పుడు పూసలు. తర్వాత సగం బట్ట కట్టే దశ, దాని పేరు బిటె పక్రి ఇవైన్. నిండు బట్ట కట్టే దశ బిటె సారా. బిడ్డను కని, కొన్నాళ్ళు గదిలో ఉండి, మంచి తిండి తిని, పగడాలు పెట్టుకుని ఊరి ముందుకు వస్తే ఇరియాబో. అప్పుడు నడుము చుట్టూ పొట్టి బట్టలు పొరలు పొరలుగా కడతారు, పొట్ట ఎత్తుగా కనిపించాలని! ఇంట్లో పెద్దలు పోయినప్పుడూ ఆడవాళ్ళు ఇదే అలంకారంతో ముందు నడుస్తారు. మగవాళ్ళలోనూ కుర్రవాడి చొక్కా ఎటిబో, పెద్దమనిషిది వోకో, నాయకుడిది డోని. రాజును అమన్యానబో అంటారు, ఆయన నిలువుటంగీ పేరు ఎబు. దాన్ని మద్రాసు గళ్ళ బట్టతోనే కుట్టి, అదే బట్ట నడుముకూ కడతారు.

జవాబు 4:
సారా, పక్రి అర్థమయ్యాయి. "లంగా ఓణీ వయసు" అని మనం అనమూ! మా అమ్మకు నా వయసు అంకెల్లో ఎప్పుడూ గుర్తుండదు. "నువ్వు అప్పటికింకా పరికిణీలే" అంటుంది.

నా జవాబు:
ఈ పోలిక వ్యాసంలోకి ఎత్తేస్తున్నాను, ముందే క్షమించాలి. ఇంకొకటి చెప్పి ఆపుతాను. పెద్దవాళ్ళు పోతే ఇంట్లో మంచాలను బట్టలతో అలంకరిస్తారు, రోజులు గడిచేకొద్దీ బట్టలు మారుస్తారు. తరతరాలుగా దాచిన ఇంజిరి అప్పుడే పెట్టెలోంచి బయటికొస్తుంది. అసలుదా నకిలీదా అన్నది వాసన చూసి చెప్పేవాళ్ళున్నారట. టోన్యె ఎరెకోసిమా అనే కలబారీ పండితుడు, జోవాన్ ఐకర్ అనే అమెరికన్ పరిశోధకురాలు కలిసి 1981లో ఈ కోత బట్ట మీద రాశారు. పరాయి బట్టను తమ చేత్తో మార్చి తమదిగా చేసుకోవడం అన్నది వాళ్ళ మాట. నేసింది చీరాలలోనే కావచ్చు, బ్లేడు పడేవరకూ అది పెలెటె కాదు.

జవాబు 2 (చీరాల నుంచి):
ఇందాక మీ టపా అమ్మకు చదివి వినిపించాను. బియ్యం చేటలో వేసుకుని కూర్చుంది. "లేత పోగులే చూసి తీస్తారా? అయితే కోయడమేమిట్రా, ఏరడం!" అంది. రాళ్ళు ఏరతాం, పేలు ఏరతాం, పోగులు ఏరతాం. "పోగేరిన బట్ట" ఎలా ఉంది?

జవాబు 3:
బాగుంది. అచ్చుతప్పు పడితే మాత్రం "పోగేసిన బట్ట" అయి అర్థం తలకిందులవుతుంది. విడదీసి రాయండి, "పోగులేరిన బట్ట" అని. రెండోదానికి "దూసిన బట్ట" అనండి. కత్తి దూస్తాం, వేపాకు రెమ్మ నుంచి దూస్తాం. చివరంటా లాగడం ఆ మాటలోనే ఉంది.

నా జవాబు:
పోగులేరినది, దూసినది. రెండూ రాసి పంపేశాను. అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. తాతయ్యగారు నేసిన తాను ముక్క ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే ఫొటో పెట్టండి, వాసన ఎలాగూ పెట్టలేరు.