హబక్కూకు 2:4లో ‘విశ్వాసం’ నమ్మడమా, నిలబడడమా?

ప్రశ్న (పాలకొల్లు): వందనాలండీ. ఆదివారం యూత్ మీటింగులో “నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును” మీద 40 నిమిషాల పాఠం చెప్పాలి. హీబ్రూలో ఆ మాటకి నమ్మకత్వమని అర్థం కదా, మరి రోమా 1:17లో ఈ మాటనే ఎత్తి చెప్తూ పౌలు అర్థం మార్చేశాడా అని ఎవరైనా అడిగితే? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1 (నరసాపురం): రోమాతో వద్దండీ, నిర్గమ 17:12 తీయండి. అమాలేకీయులతో యుద్ధంలో పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే రాయి మీద కూర్చోబెట్టి, అహరోను, హూరు చెరోపక్కా పట్టుకున్నారు. పొద్దుగూకేదాకా చేతులు నిలకడగా ఉన్నాయి. ఆ నిలకడకి హీబ్రూలో ఉన్న మాట ఎమూనా. హబక్కూకులోదీ అదే. ఒక కుర్రాడి చేత చేతులెత్తించి ఉంచండి. భుజాలు లాగడం మొదలయ్యాక ఇద్దర్ని వచ్చి పట్టుకోమనండి. దీనికి పది నిమిషాలు పోయినా పర్లేదు. ఆమేన్ కూడా ఈ ధాతువులోంచే వచ్చింది. యెషయా 22:23లో మేకు కొట్టే “దిట్టమైన చోటు”లోనూ అదే ధాతువు. పడవ కట్టే గుంజ పైపైన బురదలో పాతితే పోటుకి ఊడొస్తుందని మన పిల్లలకి వేరే చెప్పాలా!

జవాబు 2 (అమలాపురం): బాగా చెప్పారండీ. అయితే ధాతువు ఒకటే కదాని ప్రతిచోటా నిలకడనే అర్థం పెట్టకూడదు. ఆది 15:6లో అబ్రాము యెహోవాను నమ్మాడు, అక్కడ అర్థం నమ్మడమే.

ఇక పౌలు సంగతి. హీబ్రూలో “తన ఎమూనా” అని ఉంది, అంటే నీతిమంతుడిది. పాత నిబంధనకి ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటు ప్రధాన ప్రతుల్లో “నా పిస్తిస్” అని ఉంది, అంటే దేవుడిది. పౌలు తన, నా రెండూ వదిలేశాడు. పిస్తిస్ అంటే నమ్మడమూ అవుతుంది, నమ్మకంగా ఉండడమూ అవుతుంది. కాబట్టి మార్చేశాడనడం సరికాదు. యూదులది క్రియలు, మనది విశ్వాసం అని మాత్రం దయచేసి చెప్పకండి. యూదు రబ్బీల గ్రంథం తల్మూదులో, మక్కోత్ అనే భాగం 24ఎలో 613 ఆజ్ఞలని కుదిస్తూ వచ్చి, చివరికి ఒక్కటిగా నిలిపింది ఈ హబక్కూకు వచనం మీదే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మనుష్యుడు విశ్వాసం మాత్రాన కాదు, క్రియల వల్ల నీతిమంతుడని ఎంచబడతాడన్న యాకోబు 2:24 తెస్తే? విశ్వాసం కనబడనివాటికి రుజువు అనే హెబ్రీ 11:1 ఎప్పుడు చెప్పాలి?

జవాబు 2: పౌలు, యాకోబు ఇద్దరూ ఎత్తిచూపింది ఆది 15:6నే, అబ్రాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట. బోర్డు మీద వరసగా 15, 17, 22 అని అధ్యాయాలు రాయండి. సున్నతి 17లో, ఇస్సాకును అర్పించడం 22లో. అబ్రాహాము 17కి ముందే నీతిమంతుడిగా ఎంచబడ్డాడని పౌలు అంటాడు, యాకోబు 22లో ఆ మాట నెరవేరిందంటాడు.

హెబ్రీ 11:1 ఆఖర్న. విడిగా చదివితే కళ్లు మూసుకుని నమ్మడం అనుకుంటారు. 10:38 నుంచి చదివించండి. అక్కడ మళ్లీ హబక్కూకు మాటే ఉంది, దాని పక్కనే వెనక్కి తగ్గొద్దన్న హెచ్చరిక.