పునీత లూసీ చేతి పళ్ళెంలో కళ్ళెందుకు?

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మ దిండు కింద పునీత (క్రైస్తవ సెయింట్) లూసీ పటం ఉంటోంది. చేతిలో పళ్ళెం, అందులో రెండు కళ్ళు. పటం రంగు వెలిసినా ఆ కళ్ళు మాత్రం మనల్నే చూస్తుంటాయి.

ఆమె కళ్ళు పెరికేశారనే అమ్మ చిన్నప్పటి నుంచి విన్నది. ఆమె విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పాత వేదసాక్షి కథలో ఆ మాటే లేదు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల్ని హింసించిన కాలం, ఇటలీ దీవి సిసిలీలోని సిరక్యూస్ నగరం, క్రీ.శ. 304 అంటారు. ఎడ్లు కట్టి లాగినా కదల్లేదట, చివరికి గొంతులో కత్తి దించారట. మరి కళ్ళ కథ ఎక్కడిది? లాటిన్‌లో ‘లుక్స్’ అంటే వెలుగు కదా, ఆ పేరు నుంచే పుట్టిందా? పళ్ళెం ఏ కాలం బొమ్మల్లో మొదలైంది?

తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. డిసెంబర్ 13న పండుగ. ఆలోపు అమ్మ మనసు నొచ్చుకోకుండా ఇదంతా ఎలా చెప్పాలో కూడా సలహా ఇవ్వండి.