సంక్లిష్టమా, జటిలమా? ఇంజినీరింగ్‌లో కాంప్లెక్సిటీకి ఏ మాట వాడదాం

పోస్ట్:
అందరికీ నమస్తే. సిస్టమ్స్ ఇంజినీరింగ్ చదివే పిల్లల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నా, కాంప్లెక్సిటీ అనే మాట దగ్గర బండి ఆగింది. నిఘంటువు తీస్తే సంక్లిష్టత, పేపర్లోనూ అదే. లెక్కల పుస్తకంలో కాంప్లెక్స్ నంబర్ అంటే సంకీర్ణ సంఖ్య, కెమిస్ట్రీకి వెళ్తే సంశ్లిష్ట సమ్మేళనం, సమస్య ముదిరితే జటిలం. ఇన్ని ఉన్నాయిగా ఏదో ఒకటి పెట్టేయ్ అంటున్నారు నాతో పనిచేసేవాళ్లు, నాకేమో మనసొప్పడం లేదు, ఎందుకంటే ఈ సబ్జెక్టులో కాంప్లెక్సిటీని వర్ణించి వదిలేయరు, కొలుస్తారు, అంకె వేస్తారు. దేన్ని కొలిచామో మాటలో తెలియకపోతే పిల్లలకి ఆ అంకె ఎందుకు పనికొస్తుంది? మీరేమంటారో చెప్పండి.

వ్యాఖ్య:
మంచి ప్రశ్న అండీ. క్లిష్టం అనేది క్లిశ్ ధాతువు నుంచి వచ్చింది, క్లేశం కూడా అక్కడిదే, అంటే బాధ, శ్రమ. అలంకారశాస్త్రంలో క్లిష్టం అని ఒక కావ్యదోషమే ఉంది, అర్థం తట్టడానికి పాఠకుడు చుట్టూ తిరిగి రావాల్సి వస్తే ఆ దోషం చెప్తారు. అంటే ఇది చదివేవాడి వైపు నుంచి పుట్టిన మాట. జటిలం వేరు. జట అంటే అట్టలు కట్టి పెనవేసుకున్న జుట్టు, మన జడ ఆ జటకి వికృతి, కాబట్టి వస్తువు ఎలా అల్లుకుని ఉందో చెప్తుంది. సంశ్లిష్టంలో ఉన్నది శ్లిష్, కౌగిలించుకోవడం, అతుక్కోవడం, శ్లేష ఆ కుటుంబమే. సంకీర్ణం అంటే రకరకాలవి కలిసినది, సంకీర్ణ ప్రభుత్వం అంటాం చూడండి.

జవాబు:
మాస్టారూ, నాకు కావలసింది సరిగ్గా ఇదే. ఇంగ్లీషు కాంప్లెక్స్ కూడా లాటిన్‌లో పెనవేయడం, కౌగిలించడం దగ్గర్నుంచి వచ్చిందే, కాంప్లికేటెడ్ మాత్రం మడత పెట్టడం నుంచి. ఇంజినీర్లు ఈ రెంటికీ తేడా చూస్తారు. చేతిగడియారం కాంప్లికేటెడ్, చిన్న చిన్న చక్రాలు బోలెడు, కానీ ఓపికగా ఊడదీసి ఒక్కోటీ అర్థం చేసుకుంటే మొత్తం అర్థమైనట్టే. కరెంటు గ్రిడ్ అలా కాదు, ఒక్కో లైనూ ఒక్కో ట్రాన్స్‌ఫార్మరూ నీకు కంఠతా వచ్చినా అన్నీ కలిసి ఒక సాయంత్రం ఏం చేస్తాయో చెప్పలేవు. ఈ రెంటినీ సంక్లిష్టం అనేస్తే పాఠంలో అసలు విషయమే పోతుంది.

వ్యాఖ్య:
అన్నా, మా సాఫ్ట్‌వేర్‌లో ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది కదా. 1976లో థామస్ మెక్‌కేబ్ సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అనే కొలత ఇచ్చాడు, ప్రోగ్రామ్‌లో నిర్ణయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఒకటి కలపడమే, 10 దాటితే ముక్కలు చెయ్యమన్నాడు. టూల్స్ అదే చూపిస్తాయి, మా రివ్యూల్లో అదే అడుగుతారు.

జవాబు:
తమ్ముడూ, ఆ అంకె మంచిదే, కానీ అది ఏం చూస్తుందో ఏం చూడదో ఒక ఉదాహరణ పట్టుకుందాం. తెలంగాణ ఆర్టీసీలో టికెట్ కొట్టే మిషన్ అనుకో. మహిళ అయితే, బస్సు పల్లెవెలుగు లేదా ఎక్స్‌ప్రెస్ అయితే జీరో టికెట్, లేదంటే చిన్నపిల్లలైతే హాఫ్, మిగతావాళ్లకి ఫుల్. సిటీ బస్సులు ప్రస్తుతానికి పక్కన పెట్టా. నిర్ణయాలు నాలుగు, మహిళా కాదా, పల్లెవెలుగా, ఎక్స్‌ప్రెస్సా, పిల్లలా. ఒకటి కలిపితే 5. చాలా తక్కువ, టూల్ పచ్చరంగు చూపిస్తుంది. ఇప్పుడు చూడు, ప్రయాణికురాలు ఈ రాష్ట్రం మనిషేనని గుర్తింపు కార్డు చూపించాలి, ప్రతి జీరో టికెట్ డబ్బు ప్రభుత్వం నుంచి సంస్థకి రావాలి కాబట్టి మిషన్‌లో లెక్క డిపోలో లెక్కతో కలవాలి, బస్సు కిక్కిరిసి ఉంటే కండక్టర్ స్టేజీ వచ్చేలోపు అందరికీ కొట్టలేడు. పని అంతా మిషన్‌కీ డిపోకీ మనిషికీ మధ్యలో ఉంది, మెక్‌కేబ్ అంకెకి అది కనపడదు, ఎందుకంటే అది ఒక ప్రోగ్రామ్ లోపలి దారుల్ని లెక్కపెట్టడానికి పుట్టింది. కాబట్టి దాన్ని ప్రోగ్రామ్ క్లిష్టత అంటే నాకు అభ్యంతరం లేదు, ఆ ప్రోగ్రామ్ చదివి టెస్ట్ చేసేవాడి శ్రమకి అది దగ్గరగానే ఉంటుంది. సిస్టమ్ కాంప్లెక్సిటీ అనొద్దు, అంతే.

వ్యాఖ్య:
మాది సూళ్లూరుపేట అండీ, రాకెట్ లేస్తే మేడెక్కి చూసేవాళ్లం. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరినప్పుడు బాగానే లేచింది, తర్వాత ఉపగ్రహాలు పనికిరావన్నారు. మూడు దశలూ సరిగ్గా మండాయని కూడా చెప్పారు. అన్నీ బాగుంటే ఎలా పోయిందో నాకిప్పటికీ అర్థం కాలేదు, మీ లెక్కలో అది క్లిష్టమా జటిలమా?

జవాబు:
మేడమ్, నోట్స్‌లో నేను పెట్టబోయేది ఈ ప్రయోగమే. రెండో దశ విడిపోయేటప్పుడు కొద్దిసేపు గట్టి కుదుపు వచ్చింది. రాకెట్ ఎంత వేగం పుంజుకుంటోందో చూసే సెన్సర్లు ఆ కుదుపుకి కొలవగలిగిన హద్దు దాటిపోయాయి. సెన్సర్ చెడిపోయిందా అని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, అది తన పని తను చేసింది, ఇవి చెడిపోయాయి అని తేల్చేసింది, దాంతో ఉన్నంతలో ఉపగ్రహాల్ని ఎలాగోలా వదిలే అత్యవసర పద్ధతికి రాకెట్ మారిపోయింది. ఆ తర్వాత కావలసినంత వేగం అందలేదు. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్య బదులు ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తుండే కోలగా సాగిన కక్ష్యలో పడ్డాయి, 76 దగ్గర గాలి ఉంటుంది, ఉపగ్రహం నిలవదు.

ఇందులో ఏ ముక్క క్లిష్టం చెప్పండి? విడిపోయే మెకానిజం విడిపోయింది. కుదుపు ఆగాక సెన్సర్లు బాగానే ఉన్నాయి. సెన్సర్ చెడితే రాకెట్‌ని కాపాడాలనే సాఫ్ట్‌వేర్ రాశారు, అది రాసినట్టే నడిచింది. తప్పు ఏ ఒక్క పెట్టెలోనూ లేదు, కుదుపు ఎంతసేపు ఉంటుంది అన్న సంగతికీ సెన్సర్‌ని నమ్మడం మానెయ్యాలంటే ఎంతసేపు ఆగాలి అన్న సంగతికీ మధ్య ఉంది. సరిదిద్దింది కూడా అక్కడే, విడిపోయే పద్ధతి మార్చారు, సెన్సర్ల విషయంలో తేల్చే లాజిక్ మార్చారు, 2023 ఫిబ్రవరి 10న రెండోది సరిగ్గా కక్ష్యలో పెట్టింది. నా దృష్టిలో ఇది అచ్చమైన జటిలం. కాపాడటానికి పెట్టిన ప్రతి అదనపు ఏర్పాటూ ఇంకో నాలుగు చోట్ల తగులుకుంటుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వ్యాఖ్య:
సరే, మరి మధ్యలో ఉన్నదాన్ని కొలిచేదెలా? 10 భాగాలుంటే జతలు 45, 20 ఉంటే 190, అన్నీ ఎవరు చూస్తారు?

జవాబు:
అన్ని జతలూ తగులుకోవు, అదే మన అదృష్టం. 1962లోనే అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ చెప్పాడు, నిలిచే వ్యవస్థల్లో లోపల గట్టిగా, బయటికి వదులుగా కట్టిన గుంపులుంటాయని. ఏది దేనికి తగులుతుందో గళ్ల పట్టికలో గుర్తు పెట్టే పద్ధతి 1981లో డొనాల్డ్ స్టీవర్డ్ రాశాడు. ఆ పట్టిక మీద అమెరికాలోని ఎంఐటీలో కౌశిక్ సిన్హా, ఒలివియె డి వెక్ ఒక సూత్రం కట్టారు, నాకు బాగా నచ్చింది. ఒక్కో భాగం సొంత కష్టం అంతా కూడండి, లింకుల కష్టం అంతా కూడి దాన్ని ఆ లింకులు అల్లుకున్న తీరుతో గుణించండి, ఈ రెండూ కలపండి.

అల్లుకున్న తీరుకి అంకె ఏంటి అని అడుగుతారని చేసి చూపిస్తా. భాగాలు 4, లింకులు 3 అనుకోండి. మూడూ ఒక నడిమి భాగానికే కడితే, పట్టిక నుంచి మాట్రిక్స్ లెక్కతో తీసే ఐగెన్ విలువలు అనే అంకెల్ని ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి కూడితే 3.46, నాలుగుతో భాగిస్తే 0.87 దాకా వస్తుంది. అవే నాలుగింటిని వరసగా గొలుసు కడితే 4.47, భాగిస్తే 1.12. భాగాలు అవే, లింకులు అన్నే, అల్లిక మారింది, అంకె మారింది. నేను పిల్లల చేత ఈ లెక్క కాగితం మీద చేయిస్తా, కంప్యూటర్ ముట్టుకోనివ్వను.

వ్యాఖ్య:
బాగుంది కానీ ఒక సందేహం. పేపర్లో జటిల సమస్య అంటే కష్టమైన సమస్య అనే కదా రాస్తారు, సంక్లిష్టం జటిలం రెండూ జనానికి ఒకటే అయిపోయాయి. మీరు విడదీస్తే పిల్లలు పట్టుకుంటారా?

జవాబు:
పేపర్ భాషని నేను మార్చలేను, మార్చాలనీ లేదు. పాఠం లోపల మాత్రం ఒక మాటకి ఒక పని ఉండాలి, ఫిజిక్స్ వాళ్లు పని, బలం, శక్తి అనే ఇంటి మాటల్నే తీసుకుని గీత గీసుకోలేదా, మొదటి పేజీలో చెప్పేస్తే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. కాబట్టి భాగం సొంత కష్టం క్లిష్టత, మొత్తానిది జటిలత, అల్లుకున్న తీరు అల్లిక. లింకుకి ఏ మాట పెట్టాలో తేల్చుకోలేకపోతున్నా, ముడి అందామంటే భాగాల్ని చుక్కలుగా, లింకుల్ని గీతలుగా గీసే గ్రాఫ్‌లో చుక్కకి కూడా అదే వాడుతున్నారు, పిల్లలు తికమకపడతారు.

వ్యాఖ్య:
లంకె ఉందిగా అండీ. లంకెలు, లంకె వెయ్యడం, పలకడానికి లింకు కంటే కష్టమేం కాదు.

జవాబు:
లంకె ఖాయం మాస్టారూ. రేపు ఈ మాటల పట్టిక టైప్ చేసి ఇక్కడే పెడతా, మాటలు ఎక్కడైనా తేలిపోతే పట్టుకోండి.