ఊపిరితిత్తి చుట్టూ చీము: ట్యూబు చాలదా, ఆపరేషన్ తప్పదా?

కాళహస్తి_కుర్రోడు:
మా నాయనకు నిమోనియా తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం పట్టుకుంది. తిరుపతిలో చూపిస్తే ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందని పక్కటెముకల సందులోంచి ట్యూబు వేశారు. మొదట్లో బాటిల్లోకి బాగానే దిగింది, ఇప్పుడు రోజుకు ఏదో కొంచెం, అయినా సాయంత్రమైతే జ్వరం వస్తానే ఉంది. నిన్న సర్జన్ సీటీ చూసి డీకార్టికేషన్ చేయాలన్నారు. ఇన్ఫెక్షన్‌కు మందులు కదా వాడాల్సింది, కత్తి ఎందుకన్నా? షుగర్ కూడా ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్.

వార్డు_సిస్టర్:
తమ్ముడూ, బాటిల్లోకి రావడం తగ్గితే చీము అయిపోయినట్టు కాదు. మొదట పల్చటి నీరుగా ఉంటుంది, ట్యూబులో దిగిపోతుంది. ఆ తర్వాత లోపల తెరలు కట్టి గదులు గదులుగా విడిపోతుంది, ట్యూబు ఒక గదిలో ఉంటే పక్క గదిలోది కదలదు, యాంటీబయాటిక్ కూడా అక్కడికి సరిగా చేరదు. ఇంకా వదిలేస్తే ఊపిరితిత్తి మీద మందంగా పొర గట్టిపడి దాన్ని విప్పుకోనివ్వదు, మిగిలిన ఖాళీలో మళ్లీ చీమే. డీకార్టికేషన్ అంటే ఊపిరితిత్తిని కోసి తీసేయడం కాదు, ఆ పొరను ఒలిచేయడం. తెరల దశలోనే అయితే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేస్తారు, వ్యాట్స్ అంటారు. ముదిరిపోతే ఛాతీ తెరవాల్సి రావచ్చు. అందుకే ‘ఇంకో నెల చూద్దాం’ అనొద్దు. ట్యూబులోంచి మందు ఎక్కించి తెరలు కరిగించే పద్ధతి కూడా ఉంది, అది పనికొచ్చే దశ దాటిపోయిందా అని అడుగు. చీమును టీబీ పరీక్షకు పంపారా?

చిత్తూరు_బాబాయ్:
మా అత్తకు వేరే కథ. టీబీ కోర్సు పూర్తయి ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరితిత్తిలోని పాత గుంతలో ఫంగస్ ఉండకట్టి, దగ్గితే రక్తం. రక్తనాళం మూసే ప్రొసీజర్ చేస్తే కొన్నాళ్లు ఆగింది, మళ్లీ పడింది, చివరికి ఆ భాగం తీసేశారు. మందులు టీబీని చంపాయి గానీ అది చేసిన గుంతను పూడ్చలేదు కదా.

మదనపల్లె_మాస్టారు:
మా ఊరి పక్కన ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ ఆసుపత్రి) 1915లో మొదలైనప్పుడు టీబీకి మందే లేదు. ఆ కాలంలో చాలాచోట్ల పక్కటెముకలు తీసేసి మరీ ఊపిరితిత్తిని కావాలనే అణగదొక్కేవారు, గుంత మూసుకుపోవాలని. ఇప్పుడు మామూలు టీబీకి ఆరు నెలల మాత్రలే. మీ నాయన విషయంలో చూడు, అణిగిపోయినదాన్ని విప్పడానికి ఆపరేషన్ అంటున్నారు, పూర్తిగా తిరగబడింది.

వార్డు_సిస్టర్:
మాస్టారూ, బాగా చెప్పారు. తమ్ముడూ, షుగర్ అదుపులో పెట్టించు. ఆపరేషన్ తర్వాత మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు, గాలి పీల్చి బంతులు పైకి లేపే ఊపిరి వ్యాయామం బొమ్మలాంటిది, నొప్పని పక్కన పడేస్తే ఒలిచిన ఊపిరితిత్తి మళ్లీ ముడుచుకుంటుంది, దగ్గర కూర్చుని పీల్పించాలి. రెండో ఒపీనియన్ కావాలంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కార్డియోథొరాసిక్ (గుండె, ఛాతీ ఆపరేషన్ల) విభాగం ఉంది, కానీ తిరుగుతా వారాలు పోగొట్టుకోవద్దు.

కాళహస్తి_కుర్రోడు:
టీబీ పరీక్షకు పంపారంట అక్కా, రిపోర్టు రావాలి. రేపు రౌండ్స్‌లో కెమెరాతో అవుతుందా, తెరవాలా అని అడుగుతా. ఆరోగ్యశ్రీలో వస్తుందా అన్నది కూడా కనుక్కోవాలి.