మాక్ టెస్టుల్లో టైమ్ సరిపోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండి. మాక్ టెస్ట్ రాసిన ప్రతిసారీ చివర్లో కొన్ని ప్రశ్నలు చదవకుండానే మిగిలిపోతున్నాయి. తర్వాత చూసుకుంటే వాటిలో సగం నాకు వచ్చినవే! లెక్కల దగ్గరే టైమంతా పోతోంది. ఒక లెక్క మొదలుపెడితే తేలేదాకా వదలబుద్ధి కాదు. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఓఎంఆర్ షీట్. నాలుగు ఆప్షన్లు, తప్పుకు మార్కులో మూడో వంతు కోత. స్పీడ్ ఎలా పెంచుకోవాలి?

జవాబు 1:
నేను లెక్కలు చెప్తానండి. మీ సమస్య స్పీడ్ కాదు, వదలలేకపోవడం. ఎంత కష్టమైన ప్రశ్నకైనా ఒకటే మార్కు, మీకున్నది ప్రశ్నకు 54 సెకన్లు. మొదటి రౌండ్‌లో చదవగానే దారి కనిపించినవే చేయండి. కనిపించలేదా, నంబరు చుట్టూ సున్నా చుట్టి ముందుకెళ్లిపోండి. సగం చేసిన లెక్కయినా సరే. పిల్లలకు మనసొప్పనిది అక్కడే. ‘ఇంత చేశాను కదా’ అని ఇంకో రెండు నిమిషాలు పోస్తారు. ఆ టైమ్‌లో వెనక పేజీల్లో తెలిసిన ప్రశ్నలు రెండు చేసేయొచ్చు.

ఇంకోటి, ఆప్షన్లు చూడకుండా లెక్క మొదలుపెట్టకండి. 398 × 51 ఎంత అని అడిగారనుకోండి. ఆప్షన్లు 18298, 20196, 20298, 22398. ఎనిమిది ఒకట్ల ఎనిమిది, కాబట్టి చివర 8 ఉండాలి. 20196 పోయింది. 400 × 51 అంటే 20400, జవాబు దానికంటే కాస్త తక్కువ. ఇక 20298 తప్ప వేరేది కుదరదు. గుణకారమే చేయలేదు చూడండి! సమీకరణాలకైతే సాధించే బదులు ఆప్షన్లనే ఒక్కొక్కటిగా అందులో వేసి చూడండి, చాలాసార్లు రెండోదానికో మూడోదానికో తేలిపోతుంది.

జవాబు 2:
కోత గురించి ఒక మాట. మూడో వంతు కోత ఉన్నప్పుడు గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఒక్క ఆప్షన్ తప్పని గట్టిగా తెలిసినా మిగతా మూడింట్లో ఒకటి పెట్టడం లాభమే, సగటున మార్కులో తొమ్మిదో వంతు కలుస్తుంది. అసలు కోతే లేని పరీక్షల్లో ఏదీ ఖాళీగా వదలకూడదు. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్‌లో 2016 నుంచి కోత తీసేశారు, అక్కడ ఖాళీ అంటే నష్టమే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. మరి బబ్లింగ్, అంటే ఓఎంఆర్ షీట్‌లో జవాబుల గుండ్రాలు దిద్దడం, మొత్తం చివర్లో చేయొచ్చా?

జవాబు 1:
వద్దండి. చివర్లో టెన్షన్‌కి ఒక వరుస జారితే కిందవన్నీ తప్పైపోతాయి. పేజీ పూర్తవగానే ఆ పేజీవి దిద్దేయండి, ప్రతిసారీ నంబరు మనసులో చదువుకుంటూ. ప్రశ్నలు వదిలేస్తూ వెళ్తారు కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం. ఆఖరి పది నిమిషాల్లో మాత్రం ఏది చేస్తే అది అప్పుడే దిద్దండి.