విమానయాన సంస్థ మూతపడితే సెలవుల ప్రయాణికుల డబ్బుకు ఎవరు పూచీ?

కొత్తపేట ప్రయాణికుడు:
కొన్నేళ్ల కిందట సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్లాలని మా ఇంటి నలుగురికీ, మా బావగారి ఇంటి ముగ్గురికీ నాలుగు నెలల ముందే టికెట్లు తీసుకున్నాము. ప్రయాణానికి పది రోజులుందనగా ఆ విమానయాన సంస్థ సర్వీసులన్నీ నిలిపివేసింది. టికెట్ల డబ్బు పోవడం ఒక ఎత్తయితే, మిగిలిన సంస్థల ఛార్జీలు రాత్రికి రాత్రే మాకు అందనంత పెరగడం మరొక ఎత్తు. విమానం రద్దయింది గాని హోటలు గదులకు, పడవలకు కట్టిన అడ్వాన్సులు రద్దు కాలేదు. అవన్నీ కలిపితే టికెట్ల ఖరీదును మించిపోయాయి. అప్పటినుంచి నాకు ఒకటే సందేహం. ఇల్లు కట్టి అమ్మే బిల్డరు కొనుగోలుదారుల నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, నిర్మాణానికీ స్థలం ఖర్చుకీ మాత్రమే వాడాలని 2016 నాటి రెరా చట్టం చెబుతున్నప్పుడు, నాలుగు నెలల ముందు మన దగ్గర తీసుకున్న టికెట్టు డబ్బును విమానయాన సంస్థ ఆ రోజే ఖర్చు పెట్టుకోవడానికి ఎందుకు అనుమతిస్తున్నాము? ప్రత్యేక ఖాతా గాని, టికెట్టుకు కొంత చొప్పున రక్షణ నిధి గాని ప్రభుత్వం తప్పనిసరి చేయాలని నా వాదన.

హిమాయత్‌నగర్ ఆడిటరు:
మీ బాధ అర్థమైంది, కానీ మీరు సూచించిన మందు వికటించే ప్రమాదం ఉంది. విమానయాన సంస్థ నడిచేదే ముందస్తు బుకింగుల డబ్బు మీద. ఇంధనానికి ఎప్పటికప్పుడు చెల్లించాలి, విమానాల అద్దె డాలర్లలో కట్టాలి, రూపాయి పడిపోయినప్పుడల్లా ఆ భారం పెరుగుతుంది. ఆ ముందస్తు డబ్బును తాళం వేసి పెడితే పెద్ద సంస్థ తట్టుకుంటుంది, చిన్నది పుట్టకముందే పోతుంది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. మన హైదరాబాదు నుంచి 2015లో మొదలై, చిన్న పట్టణాలకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకంలో కడపకూ నాందేడుకూ విమానాలు నడిపిన ట్రూజెట్ 2022లో నిలిచిపోయింది. ఇటువంటి సంస్థలకు ప్రత్యేక ఖాతా నిబంధన పెట్టి ఉంటే ప్రయాణికుడి డబ్బు క్షేమంగా ఉండేదేమో గాని, కడపకు విమానమే ఉండేది కాదు.

చట్టంలో ప్రయాణికుడి స్థానం ఎక్కడో కూడా చూడండి. దివాలా స్మృతి కింద కేసు దాఖలై ట్రిబ్యునల్ స్వీకరించిన క్షణం నుంచి బకాయిల వసూళ్లన్నీ స్తంభిస్తాయి. గో ఫస్ట్ 2023 మే 3న విమానాలు ఆపితే, మే 10న ట్రిబ్యునల్ దాని పిటిషన్‌ను స్వీకరించింది. చివరికి 2025 జనవరిలో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి సంస్థను మూసేయడానికి, ఆదేశించింది. లిక్విడేషన్‌లో వచ్చే సొమ్ము మొదట ప్రక్రియ ఖర్చులకు, తరువాత కార్మికుల బకాయిలకు, తాకట్టు ఉన్న బ్యాంకులకు, ఆ తరువాత ఉద్యోగుల జీతాలకు వెళుతుంది. టికెట్టు కొన్నవాడు వరుసలో దాదాపు చివర నిలబడతాడు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగితే, సుప్రీంకోర్టు లిక్విడేషన్ ఆదేశం 2024 నవంబరులో వచ్చింది. అన్నేళ్లు ఎదురుచూసి రెండు టికెట్ల డబ్బు అడిగేవారు ఎందరుంటారు?

సికింద్రాబాద్ ట్రావెల్ ఏజెంటు:
ఆడిటరు గారు చెప్పిన వరుసలో మా పేరు అసలు కనిపించదు. చౌక సంస్థల టికెట్లు అమ్మడానికి మేము వారి వాలెట్‌లో ముందుగా డబ్బు వేసి ఉంచుతాము. సంస్థ ఆగిపోయిన రోజున ఆ వాలెట్ అక్కడే ఆగిపోతుంది, కానీ కస్టమరు వచ్చి నిలబడేది మా కౌంటరు ముందే. తరచు వచ్చే కుటుంబమైతే మేము జేబులోంచి ఇచ్చుకుంటాము. పెళ్లి బృందానిది యాభై టికెట్లయితే ఇవ్వలేము, వారు పోలీసు స్టేషనుకు కూడా వెళతారు.

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. సంస్థ వెబ్‌సైటులో క్రెడిట్ కార్డుతో నేరుగా కొన్నవారు, సేవ అందలేదని బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడగవచ్చు. దానికి గడువు ఉంటుంది గనుక ఆలస్యం చేయకూడదు. మాకు యూపీఐలో పంపినవారికి ఆ దారి దాదాపు లేదు, ఎందుకంటే బ్యాంకు లెక్కలో డబ్బు తీసుకున్నది విమానయాన సంస్థ కాదు, మేము. నా వ్యాపారానికి నష్టమైనా ఈ మాట చెప్పక తప్పదు.

బంజారాహిల్స్ పాఠకురాలు:
మా అబ్బాయి బ్రిటన్‌లో ఉంటాడు. అక్కడ అటాల్ అనే పథకంలో యాత్రల సంస్థ మనిషికి రెండున్నర పౌండ్లు కడితే, అది మూతపడినా డబ్బు వెనక్కి ఇచ్చి, ఇంటికి కూడా తీసుకువస్తారట. 2019 సెప్టెంబరులో అక్కడి యాత్రల సంస్థ థామస్ కుక్ కూలినప్పుడు లక్షన్నర మంది విదేశాల్లో చిక్కుకుంటే ప్రభుత్వమే విమానాలు పెట్టి తీసుకువచ్చింది. (ఆ పేరుతో మన దేశంలో ఉన్న సంస్థకు అప్పటికే ఏళ్ల ముందు నుంచి వేరే యాజమాన్యం ఉంది; దాని మీద ఆ దెబ్బ పడలేదు.) మన దగ్గర మాత్రం ఎందుకు సాధ్యం కాదు?

హిమాయత్‌నగర్ ఆడిటరు:
ఒక చిన్న సవరణ, అమ్మా. అటాల్ రక్షణ ప్రధానంగా ప్యాకేజీ యాత్రలకు వర్తిస్తుంది. విమానయాన సంస్థ దగ్గర నేరుగా ఉత్త టికెట్టు కొన్నవారికి వర్తించదు. 2017లో అక్కడి విమానయాన సంస్థ మోనార్క్ మూతపడినప్పుడు అటాల్ లేనివారిని కూడా తీసుకువచ్చారు గాని, అది అప్పటికి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం, ప్రయాణికుడి హక్కు కాదు. మన దగ్గర అటువంటి నిధి పెడితే, గట్టి సంస్థలో ప్రయాణించేవాడు బలహీన సంస్థ టికెట్టు చౌకగా కొన్నవాడి కోసం డబ్బు కట్టినట్లవుతుంది.

కొత్తపేట ప్రయాణికుడు:
ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను మీతో విభేదిస్తాను, ఆడిటరు గారూ. ఏ సంస్థ బలహీనమో నాకెలా తెలుస్తుంది? బ్యాలెన్సుషీటు చదవగల బ్యాంకులకే సకాలంలో తెలియలేదు కదా. పైగా విమానాలు అద్దెకిచ్చినవారి కష్టం మన ప్రభుత్వానికి బాగానే వినిపించింది. గో ఫస్ట్ వ్యవహారంలో వారి విమానాలు చిక్కుకుపోయాక 2023 అక్టోబరులో విమానాలను ఆ స్తంభన నుంచి మినహాయిస్తూ ప్రకటన వచ్చింది, 2025లో ఏకంగా ఒక చట్టమే వచ్చింది. అది మంచిదే, అద్దెలు తగ్గితే మనకూ లాభమే. కానీ ఇకపై సంస్థ తడబడగానే యజమానులు విమానాలు తీసుకుపోగలరు. విమానాలు పోయాక ప్రయాణికుడి చేతిలో మిగిలేది పీఎన్‌ఆర్ నంబరు ఒక్కటే.

అయితే ప్రత్యేక ఖాతా మొత్తం డబ్బుకు వద్దన్న మీ వాదన నన్ను కొంత కదిలించింది. కనుక నా కోరికను కుదించుకుంటాను. ప్రయాణానికి 60 రోజులకన్నా ముందు కొన్న టికెట్ల సొమ్ములో సగానికి సంస్థ బ్యాంకు గ్యారంటీ చూపితే చాలు. రెండవది, ఒక సంస్థ ఆగిపోయిన నెల రోజులపాటు ఆ దారిలో మిగిలిన సంస్థలు, పాత టికెట్టు చూపినవారికి ఒక పరిమితికి లోబడి సీట్లు ఇవ్వాలి. 2023 జూన్‌లో గో ఫస్ట్ దారుల్లో ఛార్జీలు అదుపులో ఉంచమని మంత్రిత్వ శాఖ సంస్థలను కోరింది. కోరడం వేరు, నిబంధన పెట్టడం వేరు.

సికింద్రాబాద్ ట్రావెల్ ఏజెంటు:
ఆ రెండవ కోరిక నెరవేరితే మా కౌంటరు దగ్గర సగం గొడవలు తగ్గుతాయి. సంస్థ ఆగిన రోజున కస్టమరు మొదట అడిగేది డబ్బు కాదు. "రేపు ఉదయం మేము ఎలా వెళ్లాలి" అని అడుగుతాడు.